మకెరెరె నుంచి జికా అడవి దాకా

2025 జనవరి 30న కంపాలాలో సుడాన్ వైరస్ బయటపడిందని ఉగాండా ఆరోగ్య శాఖ ప్రకటించింది. ఎబోలా కుటుంబానికి చెందిన జబ్బు. అప్పటికి దానితో చనిపోయిన వ్యక్తి అక్కడి ములాగో ఆస్పత్రిలో నర్సు. ఈ వైరస్‌కు ఆమోదం పొందిన టీకా లేదు. అయినా నాలుగు రోజుల్లోనే, ఫిబ్రవరి 3న, రోగులతో మెలిగినవాళ్లకు ప్రయోగ దశలో ఉన్న టీకా వేయడం మొదలుపెట్టారు. ఆ ట్రయల్‌ను నడిపింది కంపాలాలోని మకెరెరె విశ్వవిద్యాలయం, ఎంటెబెలోని ఉగాండా వైరస్ పరిశోధన సంస్థ. ప్రపంచ ఆరోగ్య సంస్థ వెనక నిలబడింది.

మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ చెప్పే నాకు ఆ వార్త చదివాక మనసు ఊరుకోలేదు. ఒక ట్రయల్ మొదలవ్వాలంటే ఎథిక్స్ కమిటీ, డ్రగ్ కంట్రోలర్, ఇన్సూరెన్స్, సిబ్బందికి శిక్షణ, టీకాలు చల్లగా ఉంచే కోల్డ్ చెయిన్ ఇవన్నీ కుదరాలి. ఏ దేశంలోనైనా నెలలు పడుతుంది. వీళ్లు నాలుగు రోజుల్లో ఎలా చేశారు? కంపాలాలో ఫార్మసిస్టుగా ఉన్న నా పాత విద్యార్థిని ఎప్పట్నుంచో రమ్మంటోంది. నవంబర్‌లో సెలవు పెట్టి బయల్దేరాను.

ఆదివారం, ఎంటెబె

విమానం విక్టోరియా సరస్సు మీదుగా దిగుతుంది. ఒడ్డు కనిపించాక కూడా నీళ్లే కనిపిస్తుంటాయి. ఎయిర్‌పోర్టులో మొదట అడిగింది ఎల్లో ఫీవర్ టీకా కార్డు. పసుపు రంగు కార్డు తిప్పి చూసి స్టాంపు వేశారు. 1936లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఎంటెబెలో పరిశోధన కేంద్రం పెట్టింది ఈ ఎల్లో ఫీవర్ కోసమే. ఆ కేంద్రం చూడటం చివరి రోజుకి పెట్టుకున్నాను.

"మేడమ్, మీరు అలసిపోయుంటారు, ఇవాళ ఎక్కడికీ వద్దు" అని నా పాత విద్యార్థిని తన ఇంటికి తీసుకెళ్లిపోయింది. రాత్రి పప్పు, గోంగూర పచ్చడి, పక్కన అరటికాయను ఆకుల్లో ఆవిరి పట్టి మెదిపిన మటోకె, వేరుశనగ పులుసు. వేరుశనగ పులుసు మటుకు మనవాళ్లు నేర్చుకోవాల్సిన వంట.

సోమవారం, మకెరెరె

మకెరెరె ఒక గుట్ట మీద ఉంది. 1922లో వడ్రంగం, ఇళ్ల కట్టుబడి, యంత్రాల పని నేర్పే బడిగా 14 మంది విద్యార్థులతో మొదలైంది. రెండేళ్లకే వైద్య విద్య వచ్చింది. 1949లో లండన్ విశ్వవిద్యాలయానికి అనుబంధ కాలేజీ, 1970లో సొంతంగా విశ్వవిద్యాలయం. తెల్లటి మెయిన్ బిల్డింగ్ 2020 సెప్టెంబర్‌లో కాలిపోయింది. పాత రూపం చెడకుండా మళ్లీ కట్టి 2024లో తెరిచారు. చెట్ల మీద, కప్పుల మీద మనిషి ఛాతీ దాకా వచ్చే మరబూ కొంగలు. విద్యార్థులు వాటి కింద నుంచి పుస్తకాలు పట్టుకుని మామూలుగా నడిచిపోతుంటారు.

ప్రజారోగ్య విభాగంలో ఎపిడెమియాలజీ, అంటే జబ్బులు జనంలో ఎలా వ్యాపిస్తాయో చెప్పే ప్రొఫెసర్‌గారితో పొద్దుటే మీటింగ్. కూర్చున్న వెంటనే నా ప్రశ్న అడిగేశాను. ఆయన తొందరపడలేదు. టీ తెప్పించి, 2022 నుంచి మొదలుపెట్టారు.

2022 సెప్టెంబర్‌లో ముబెండె జిల్లాలో ఇదే సుడాన్ వైరస్ వచ్చింది. లెక్కకెక్కిన కేసులు 142, అందులో 55 మంది చనిపోయారు. ప్రయోగ టీకాలను ప్రపంచంలో ఎక్కడెక్కడో వెతికి, సీసాల్లో నింపి, ఉగాండాకు చేర్చేసరికి డిసెంబర్ 8. అప్పటికి చివరి రోగి ఇంటికి వెళ్లిపోయాడు. టీకా పనిచేస్తుందో లేదో తేల్చుకునే అవకాశమే లేకపోయింది. "ఆ డిసెంబర్‌లో మా వాళ్లు ఎవ్వరూ సంబరం చేసుకోలేదు. జబ్బు పోయింది కాబట్టి సంతోషం. కానీ మళ్లీ వస్తుందని అందరికీ తెలుసు. అప్పుడు కూడా ఇలాగే చేతులు కట్టుకుని కూర్చుంటామా అనేదే మాట."

అందుకని జబ్బు లేని రోజుల్లో ప్రోటోకాల్ రాశారు. ఎవరు ఎవర్ని కలిశారో ఎలా వెతకాలి, ఆ చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరికి వెంటనే టీకా వేయాలి, సమ్మతి పత్రం ఏయే భాషల్లో ఉండాలి, అన్నీ ముందే తేల్చారు. అనుమతుల కాగితాలు సిద్ధం చేసుకున్నారు. టీకా డోసులు కంపాలాలోనే నిల్వ ఉంచారు. సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. 2025లో వైరస్ వచ్చిన రోజున తారీఖు రాయడమే మిగిలింది. ఆ ఏడాది ఏప్రిల్ 26న జబ్బు ముగిసిందని ప్రకటించారు. మొత్తం 14 కేసులు, 4 మరణాలు.

"కానీ ప్రోటోకాల్ అన్నది కాగితమే డాక్టర్. దాన్ని నడిపే మనుషులు నాలుగు రోజుల్లో తయారవరు. వాళ్లను చూడాలంటే ఊళ్లకు వెళ్లండి" అన్నారు. గురువారం ఇగాంగాకి, శుక్రవారం నాగొంగెరాకి ఆయనే ఫోన్లు చేసి ఏర్పాటు చేశారు.

మధ్యాహ్నం కంప్యూటింగ్ కాలేజీకి వెళ్లాను. ఇక్కడివాళ్లు 2015 నుంచి ఎయిర్‌కో పేరుతో గాలి కాలుష్యం కొలిచే చిన్న పరికరాలు తయారు చేస్తున్నారు. బయటనుంచి కొనే పెద్ద యంత్రాలు ఖరీదు, పైగా దుమ్ముకి, ఎండకి, కరెంటు కోతకి తట్టుకోవు. వీళ్లు చేసినవి సోలార్ మీద నడుస్తాయి, కొన్నిటిని బోడా బోడా అనే అద్దె మోటర్‌సైకిళ్లకే బిగించారు. ఇప్పుడు ఆఫ్రికాలో ఎన్నో నగరాల్లో పెట్టారు. మన హైదరాబాద్, విజయవాడలకు ఇలాంటివి వీధి వీధికీ కావాలి.

మంగళవారం, ములాగో

మకెరెరె గుట్టకూ ములాగో గుట్టకూ మధ్య లోయలో కటంగా అనే మురికివాడ ఉంది. విశ్వవిద్యాలయం నుంచి ఆస్పత్రికి నడిచి వెళ్లాలంటే దాన్ని దాటాలి. రాత్రి వానకి కాలవ పొంగి రేకుల ఇళ్ల గడపల దాకా బురద వచ్చింది. ఆడవాళ్లు చీపుళ్లతో తోస్తున్నారు. రెండువైపులా పెద్ద పెద్ద చదువులు, మధ్యలో ఇది. నాతో వచ్చిన పీజీ విద్యార్థి తన థీసిస్ ఇక్కడి పిల్లల విరేచనాల మీదే అని చెప్పి, దారిలో ముగ్గురు తల్లుల్ని పేరు పెట్టి పలకరించాడు. మనసు కాస్త కుదుటపడింది.

ములాగోలో నాకు ముందు చూడాలనిపించింది క్యాన్సర్ సంస్థ. 1957లో డెనిస్ బర్కిట్ అనే సర్జన్‌కు ఇక్కడ ఒక పిల్లవాడిని చూపించారు. దవడలు రెండు పక్కలా వాచిపోయి ఉన్నాయి. కొన్నాళ్లకు వేరే ఊళ్లో అలాంటి బిడ్డే ఇంకొకరు. ఆయన పాత రికార్డులు తిరగేశాడు, 1958లో దాని గురించి రాశాడు. తర్వాత 1961లో ఇద్దరు మిత్రులతో పాత ఫోర్డు బండిలో పదివేల మైళ్లు తిరిగి, ఏ ఊళ్లో ఈ గడ్డలు కనిపిస్తాయి, ఏ ఊళ్లో కనిపించవు అని ఆస్పత్రులన్నీ అడుగుతూ వెళ్లాడు. మ్యాపు మీద గుర్తులు పెడితే వేడి, వాన ఎక్కువున్న చోట్లే ఈ జబ్బు ఉందని తేలింది. మలేరియా ఉండేదీ అక్కడే. ఇక్కడి నుంచి లండన్‌కు పంపిన గడ్డ ముక్కల్లోనే 1964లో ఎప్‌స్టీన్-బార్ వైరస్ దొరికింది. మనిషిలో క్యాన్సర్‌తో సంబంధం ఉన్నట్టు కనిపెట్టిన తొలి వైరస్ అది.

ఈ కథను మా క్లాసుల్లో ఎన్నోసార్లు చెప్పాను. వార్డులో నిలబడి చూస్తే వేరుగా అర్థమైంది. ఆ గడ్డ ముక్కలు ఇచ్చిన పిల్లల పేర్లు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. జబ్బుకు సర్జన్ పేరు, వైరస్‌కు లండన్ శాస్త్రవేత్తల పేర్లు ఉన్నాయి. వాళ్లు చేసింది గొప్ప పనే. కానీ ఆ పిల్లల ఊళ్లకు తిరిగి ఏం వచ్చింది అని అడగాలి. వచ్చింది కొంత ఉంది: 1967లో పెట్టిన ఈ క్యాన్సర్ సంస్థ. ఇదీ నియంత ఈడీ అమీన్ కాలంలో విదేశీ డాక్టర్లంతా వెళ్లిపోయాక ఉగాండా డాక్టర్లు మందుల్లేక, జీతాల్లేక నిలబెట్టుకున్నది. ఆనాటి దవడ గడ్డల పిల్లల్లాంటి పిల్లవాడొకడు మంచం మీద కూర్చుని అరటిపండు తింటున్నాడు. నాలుగో విడత మందు అయిందట, వాపు తగ్గింది. వాళ్లమ్మ నా చీర కొంగు పట్టుకుని చూసి, బాగుంది అన్నట్టు తలూపింది.

ఇక్కడే 1997 నుంచి ఇంకో పెద్ద ట్రయల్ జరిగింది. హెచ్‌ఐవీ ఉన్న తల్లికి కాన్పు నొప్పులప్పుడు ఒక్క నెవిరపిన్ మాత్ర, పుట్టిన బిడ్డకు ఒక్క మోతాదు సిరప్. 14-16 వారాల వయసుకి బిడ్డలకు హెచ్‌ఐవీ సోకినది 13.1 శాతం. జిడోవుడిన్ అనే మరో హెచ్‌ఐవీ మందు కొద్దిరోజులు ఇచ్చిన గుంపులో 25.1 శాతం. దాదాపు సగానికి సగం తగ్గింది, అదీ పేద దేశం భరించగలిగే ఖర్చులో. 1999లో ఆ ఫలితం వచ్చింది. తర్వాత రికార్డులు సరిగా లేవని అమెరికాలో గొడవైంది. 2005లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ కూలంకషంగా పరిశీలించి, ఫలితాలు నమ్మదగినవేనని చెప్పింది.

ఇది నాకు దూరపు కథ కాదు. ఆ రోజుల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హెచ్‌ఐవీ దేశంలోనే ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. మన లేబర్ రూముల్లో ఎందరో తల్లులు మింగిన ఆ ఒక్క మాత్ర వెనక ములాగో తల్లుల సమ్మతి సంతకాలున్నాయి. ఇప్పుడు మందులు ఇంకా మెరుగయ్యాయి. సాయంత్రం నా విద్యార్థిని పనిచేసే ఫార్మసీలో హెచ్‌ఐవీ మందుల డబ్బా తిప్పి చూస్తే మీద జడ్చర్ల అడ్రస్ ఉంది. "రోజూ చేత్తో పట్టుకుంటా మేడమ్, మన ఊరి పేరు చదువుకుంటా" అంది.

బుధవారం

రోజంతా వాన. ఆల్బర్ట్ కుక్ లైబ్రరీలో కూర్చున్నాను. మిషనరీ డాక్టర్ కుక్ దొర 1897లో కంపాలాలో మెంగో ఆస్పత్రి పెట్టి, ప్రతి రోగి వివరాలూ పూసగుచ్చినట్టు రాయించాడు. అదే ఏడాది ఆగస్టు 20న మన సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు.

గురువారం, ఇగాంగా

తూర్పుకి ప్రయాణం. మబీరా అడవి, చెరకు తోటలు దాటి జింజా. నైలు నది విక్టోరియా సరస్సు నుంచి బయల్దేరే చోటు. గాంధీగారి చితాభస్మంలో కొంత 1948లో ఇక్కడ కలిపారు. దణ్ణం పెట్టుకుని ముందుకు సాగాం.

ఇగాంగా, మాయుగె జిల్లాల్లో 60కి పైగా ఊళ్లను మకెరెరె 2005 ప్రాంతం నుంచి గమనిస్తోంది. ఇంటింటికీ నంబరు ఉంటుంది. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరు వలస వెళ్లారు అని కార్యకర్తలు తిరిగి తిరిగి అడిగి రాస్తారు. ఇందులో కొత్త మందు లేదు, యంత్రం లేదు. కానీ ఏ జబ్బుతో ఎంతమంది పోతున్నారో తెలియని దేశంలో ఏ పథకం వేసినా గుడ్డిగా వేసినట్టే.

ఒక ఇంటికి నన్ను తీసుకెళ్లారు. పెద్దావిడ కొడుకు కొన్ని నెలల క్రితం పోయాడు. ఆస్పత్రికి పోలేదు, కారణం ఎవరూ రాయలేదు. ఇలాంటి మరణాలకు ఇంట్లోవాళ్లను అడిగి కారణం తేల్చే పద్ధతి ఉంది. కార్యకర్త ఇరవై అయిదేళ్ల అమ్మాయి. చాప మీద మోకాళ్ల మీద కూర్చుని ఆవిడకు నమస్కారం చెప్పింది. పొలం గురించి, మనవల గురించి చాలాసేపు మాట్లాడింది. దుఃఖం తీరని ఇంటికి వెంటనే వెళ్లకూడదని వాళ్లకు నియమం, అందుకే ఇన్నాళ్లు ఆగారట. తర్వాత టాబ్లెట్ తీసింది. జ్వరం ఎన్నాళ్లుంది? కాళ్లు వాచాయా? వెల్లకిలా పడుకోగలిగేవాడా, లేక ఊపిరాడక లేచి కూర్చునేవాడా? పెద్దావిడ అక్కడ ఆగిపోయింది. గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోయేవాడు, అని ఆ గోడ చూపించింది. అమ్మాయి టాబ్లెట్ పక్కన పెట్టేసి ఆవిడ చెయ్యి పట్టుకుంది. మిగతా ప్రశ్నలు అరగంట తర్వాతే అడిగింది. ఆ జవాబులను డాక్టర్లు చదివి కారణం రాస్తారు. గోడకు ఆనుకుని నిద్రపోయాడన్న మాట వింటూనే నాకు గుండె ఫెయిలయిందేమో అనిపించింది.

ఇదే పద్ధతిలో మన ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో 2003-04 ప్రాంతంలో సర్వే జరిగింది. చనిపోయినవాళ్లలో దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులతో పోయారని తేలింది. పల్లెల్లో ఇంకా అంటురోగాలే పెద్ద సమస్య అనుకుంటున్న రోజులవి. ఆ లెక్క చూశాకే పల్లెలో బీపీ గురించి గట్టిగా మాట్లాడటం నేర్చుకున్నాం. అలాంటి పని ఇక్కడ ఇన్నేళ్లుగా ఆగకుండా నడుస్తోంది. ప్రొఫెసర్‌గారు చెప్పిన మనుషులు వీళ్లే. రేపు ఈ ఊళ్లో ఎబోలా వస్తే ఆ పెద్దావిడ తలుపు తీసేది ఈ అమ్మాయికే.

శుక్రవారం, నాగొంగెరా

టొరోరో జిల్లా, కెన్యా సరిహద్దు దగ్గర. పొద్దున్న ఆరింటికి దోమలు పట్టేవాళ్ల వెంట వెళ్లాను. మట్టి ఇంట్లో మంచానికి దోమతెర, దాని కాళ్లవైపు నేలకు మీటరు, మీటరున్నర ఎత్తులో వేలాడుతూ బల్బు, చిన్న ఫ్యాను ఉన్న లైట్ ట్రాప్. రాత్రంతా ఆ వెలుగుకి వచ్చిన దోమల్ని ఫ్యాను సంచిలోకి లాగుతుంది. సంచి మూతి బిగించి, ఇంటి నంబరు రాసి, సైకిల్ మీద ల్యాబుకి. అక్కడ తెల్ల కాగితం మీద బోర్లించి సన్నటి చిమటాతో ఒక్కొక్కటీ పక్కకు జరుపుతారు. క్యూలెక్స్ దోమలు ఒక గుట్ట, మలేరియా మోసే అనాఫిలిస్ ఒక గుట్ట. ఆడ అనాఫిలిస్‌కు సూది ముక్కు పక్కన అంతే పొడవున్న రెండు మీసాలుంటాయి, వాటితో పోల్చుకుంటారు. దాని తల, ఛాతీ భాగం కోసి పరీక్షకు పంపితే మలేరియా క్రిమి ఉందో లేదో తెలుస్తుంది. పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్న పెద్దాయన మైక్రోస్కోపు అక్కర్లేకుండానే నాకు వేరు చేసి చూపించాడు.

ఈ లెక్క వల్ల ఏం తెలిసిందంటే, 2011-12లో నాగొంగెరాలో ఒక మనిషిని మలేరియా మోసే దోమ ఏడాదికి 310 సార్లు కుడుతోంది. దాదాపు రోజుకొకసారి. నిన్న దాటివచ్చిన జింజాలో అది 2.8. రెండు మూడు గంటల ప్రయాణ దూరంలో ఇంత తేడా! దేశం మొత్తానికి ఒకే సగటు చెప్పేవాళ్లకు ఈ రెండు అంకెలూ చూపించాలి.

2014 చివర్నుంచి ఇక్కడ ఇళ్ల గోడలకు మందు పిచికారీ చేశారు. దోమతెరలు కూడా పంచారు. మలేరియా అడుగంటింది. పిల్లల వార్డు ఖాళీ అయిందని నర్సు ఇప్పటికీ సంతోషంగా చెబుతుంది. 2020లో పిచికారీ మందు మార్చాక ఏడాది తిరిగేసరికి జబ్బు మళ్లీ లేచింది. రోజూ దోమల్ని లెక్కపెట్టేవాళ్లు ఉండబట్టే ఆ సంగతి వెంటనే తెలిసింది. ఉత్తరాన గులూ ప్రాంతంలో ఆర్టెమిసినిన్ మందుకు సరిగా లొంగని మలేరియా క్రిమి వ్యాపిస్తోందని 2021లో బయటపెట్టిందీ ఇలాంటి ఓపికే.

ఆ పిచికారీకి డబ్బు ఎక్కువగా అమెరికా, బ్రిటన్ ఇచ్చేవి. 2025 మొదట్లో అమెరికా విదేశీ సాయం ఆపేసింది, జూలైకి ఆ సాయం అందించే యూఎస్ఎయిడ్ సంస్థే మూతపడింది. సుడాన్ వైరస్ కంపాలాలో తిరుగుతున్న రోజులు కూడా అవే. ఇక్కడి ల్యాబులో ఖాళీ కుర్చీలు చూశాను. ఒక కుర్చీ వెనక ఇంకా ఎవరిదో తెల్లకోటు వేలాడుతోంది. నాకు చాలా కోపం వచ్చింది. ఒక ఏడాది లెక్క ఆగితే తర్వాత ఎంత డబ్బు పోసినా ఆ ఏడాది తిరిగి రాదు. ఈ ఖర్చులో పెద్ద భాగం ఉగాండా ప్రభుత్వమే పెట్టుకోవాలని ఇక్కడి యువ శాస్త్రవేత్తలు గట్టిగా అంటున్నారు. వాళ్లదే సరైన మాట. ప్రశ్న తమదైతే ఖర్చూ తమదే కావాలి, అప్పుడే ఇంకెవరో ఆపితే ఆగదు.

శనివారం, జికా అడవి

తిరుగు విమానం రాత్రికి. పొద్దున్న ఎంటెబె రోడ్డు పక్కనే ఉన్న జికా అడవికి వెళ్లాం. చిన్న అడవి, చుట్టూ ఇళ్లు దగ్గరపడుతున్నాయి. 1947 ఏప్రిల్‌లో ఇక్కడ చెట్టు మీద మంచె కట్టి బోనులో ఉంచిన రీసస్ కోతికి జ్వరమొచ్చింది. దాని నంబరు 766. రీసస్ ఆఫ్రికా కోతి కాదు, ఆసియాది, గోదావరికి ఉత్తరాన మన అడవుల్లో తిరిగే జాతి. ఎల్లో ఫీవర్ కోసం కాచుకున్నవాళ్లకు దాని రక్తంలో ఎవరికీ తెలియని వైరస్ దొరికింది, దానికి ఈ అడవి పేరే పెట్టారు. మరుసటి ఏడాది అదే అడవి దోమల్లోనూ దొరికింది. దాదాపు డెబ్బై ఏళ్ల తర్వాత బ్రెజిల్‌లో ఆ జికా వైరస్ వల్ల తలలు చిన్నవైన బిడ్డలు పుడుతుంటే ప్రపంచం ఈ అడవి పేరు నేర్చుకుంది.

దోమలు పట్టడానికి కట్టిన ఇనుప టవర్ ఇంకా ఉంది, ఎత్తు 120 అడుగులు. నేను మొదటి అంతస్తు దాకా ఎక్కాను. ఒక్కో ఎత్తులో ఒక్కో రకం దోమ ఎగురుతుందని, ఏ గంటకు ఏది కుడుతుందో ఇక్కడ రాత్రుళ్లు మేలుకుని రాశారని గైడ్ చెప్పాడు.

ఆనాటి ఎల్లో ఫీవర్ కేంద్రమే ఇప్పటి వైరస్ పరిశోధన సంస్థ, అక్కడ ఫ్రీజర్ల గది బయట నుంచి చూపించారు. వెస్ట్ నైల్ వైరస్‌ను 1937లో గుర్తించింది ఈ సంస్థే. టాంజానియాలో 1952లో వచ్చిన చికున్‌గున్యా వైరస్ మీద మొదటి పని చేసిందీ ఇక్కడే. 2005-06లో రాయలసీమలో, హైదరాబాద్‌లో జనం కీళ్లు పట్టేసి మంచాన పడ్డప్పుడు నేను జ్వరాల డ్యూటీలో ఉన్నాను. ఆ సంగతి చెబితే అక్కడి వైరాలజిస్టు కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నాడు. ముసలివాళ్లలో నొప్పులు ఎన్ని నెలలున్నాయి, పిల్లల్లో ఒంటి మీద మచ్చలు వచ్చాయా, రెండోసారి వచ్చినవాళ్లున్నారా అని వరసగా అడిగాడు. నాకు గుర్తున్నంతవరకు చెప్పాను. అతను నోట్‌బుక్‌లో రాసుకుంటూ, అప్పటి ఓపీ రిజిస్టర్లు ఇంకా ఉంటే చూడాలని ఉందన్నాడు. మా కాలేజీ రికార్డు రూమ్‌లో ఉన్నాయి, వెళ్లగానే బయటికి తీయిస్తానని, వ్యక్తుల పేర్లు తీసేసి పంపడానికి మా ఎథిక్స్ కమిటీకి సోమవారమే దరఖాస్తు పెడతానని చెప్పాను.